తెలియక చేసినవాళ్ళకు మినహాయింపు ఉందా? జేజి కోసం దుఆ చేయొచ్చా అని అడిగిన తమ్ముడికి

వ అలైకుమ్ అస్సలామ్ తమ్ముడూ.

నన్ను అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ జేజి (నాయనమ్మ) రెండు నెలల కింద చనిపోయింది. చిన్నప్పటి నుంచి నిన్ను సాకింది ఆమే. ఐదు పూటలా నమాజు చేసేది, రోజాలు ఉండేది. అట్లాగే మొహర్రంలో పీర్ల చావిడికి పోయి మలీద చదివింపులు చేయించేది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టేది. కష్టమొస్తే "పీర్ల సామీ, నువ్వే దిక్కు" అనేది. ఆమె పోయాక నువ్వు ఫోన్లో ఒక ప్రసంగం విన్నావు. "ఇట్లాంటివాళ్ళు ముష్రిక్‌లు (అల్లాహ్‌కు భాగస్వాములను కల్పించేవాళ్ళు). షిర్క్‌లో (ఆ పాపంలో) తెలియదనే సాకు చెల్లదు. ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, తెలియదనేవాడు అబద్ధమాడుతున్నట్టే. వాళ్ళ కోసం మగ్ఫిరత్ (క్షమాపణ) అడగడం హరాం (నిషిద్ధం)" అని అందులో చెప్పారు. అప్పటి నుంచి దుఆకు చేతులెత్తితే జేజి పేరు నోటికి రావట్లేదనీ, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదనీ రాశావు. దానికి తోడు జేజి మొక్కుకున్న పొట్టేలును ఈ మొహర్రానికి ఇచ్చేద్దామని మీ అమ్మ అంటుంటే ఆమెతో గొడవ పెట్టుకున్నావు.

ముందు జవాబు చెప్పేస్తాను. జేజి కోసం దుఆ చెయ్యి. ఈ రాత్రి ఇషా నమాజు తర్వాతే చెయ్యి. రెండు నెలలుగా ఆపేసినందుకు టెన్షన్ పడకు, నువ్వూ తెలియకే ఆపావు.

నేను ముఫ్తీని కాను. మదర్సాలో చదువుకొని, ఇరవై ఏళ్ళకు పైగా మన వైపు పల్లెల్లో పెద్దవాళ్ళకూ పిల్లలకూ తెలుగులో దీన్ చెప్తున్నవాణ్ణి. నీ ప్రశ్న నాకు కొత్తది కాదు. దూదేకుల ఇళ్ళల్లో చదువుకున్న ప్రతి కుర్రాడూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తాడు.

ఆ ప్రసంగంలో చెప్పిన ఆయత్ (ఖుర్ఆన్ వచనం) సూరా (అధ్యాయం) తౌబాలోని 113వది అన్నావు. ఖుర్ఆన్ తీసి నువ్వే చూడు. "ముష్రిక్‌లు దగ్గరి బంధువులైనా సరే, వాళ్ళు నరకవాసులని తమకు స్పష్టమయ్యాక, వాళ్ళ కోసం క్షమాపణ కోరడం ప్రవక్తకూ విశ్వసించినవాళ్ళకూ తగదు" అని దాని భావం. మధ్యలో ఉన్న "స్పష్టమయ్యాక" అన్న ముక్క దగ్గర కాసేపు ఆగు. అరబీలో అక్కడున్న మాట 'తబయ్యన'. తర్వాతి ఆయత్, 114, ఇబ్రాహీం (అ) తన తండ్రి కోసం క్షమాపణ కోరిన సంగతి చెప్తుంది. తండ్రి అల్లాహ్‌కు శత్రువని తనకు స్పష్టమయ్యాక ఆయన ఆ పని మానుకున్నాడని ఉంటుంది. అక్కడా మాట 'తబయ్యన'యే. ఆ తర్వాతిది 115: "ఒక జాతికి సన్మార్గం చూపాక, వాళ్ళు దేనికి దూరంగా ఉండాలో స్పష్టం చేసేదాకా అల్లాహ్ వాళ్ళను దారి తప్పినవాళ్ళుగా నిర్ణయించడు." ఇక్కడ మాట 'యుబయ్యిన', అదే ధాతువు. మూడు ఆయత్‌లు వరసగా ఉన్నాయి, మూడింటిలోనూ ఒకటే మాట ఉంది. నిషేధం వచ్చాక, అంతకుముందు తాము తెలియక చేసిన దుఆల సంగతేమిటని ముస్లింలు బెంగపడితే వాళ్ళకు ఊరటగా 115 వచ్చిందని పలువురు ముఫస్సిర్లు (ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు) రాశారు. అంటే నీ గుండె కోసిన ఆ ఆయత్‌కు మందు రెండు ఆయత్‌ల కిందే ఉంది. ఆ పెద్దమనిషి 113 చదివి పుస్తకం మూసేశాడు. నాకు ఆయన మీద కోపం లేదు, కానీ అక్కడ మూయకూడదు.

113 ఏ సందర్భంలో వచ్చిందో బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో (ప్రవక్త మాటలు, చేతల సంకలనాల్లో) ఉంది. ప్రవక్త పెదనాన్న అబూ తాలిబ్ మరణశయ్య మీద ఉన్నాడు. దైవప్రవక్త (స) పక్కన కూర్చుని "పెదనాన్నా, లా ఇలాహ ఇల్లల్లాహ్ (అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు) అనండి, దాన్ని పట్టుకుని అల్లాహ్ దగ్గర మీ తరఫున వాదిస్తాను" అన్నారు. ఇవతల మక్కా ముష్రిక్‌ల నాయకుడు అబూ జహ్ల్ ఉండి, "అబ్దుల్ ముత్తలిబ్ ధర్మాన్ని వదిలేస్తావా" అంటున్నాడు. అబూ తాలిబ్ తండ్రి ధర్మం మీదే పోతున్నానన్నాడు. తమ్ముడి కొడుకు ఏం చెప్తున్నాడో ఆయనకు తెలుసు. చెప్తున్నది ఆయన సొంత భాషలోనే. చెప్తున్నవాడు అబద్ధమాడడనీ ఆయనకు తెలుసు. అయినా వద్దన్నాడు. ఇప్పుడు మీ జేజిని తలుచుకో. చివరి రోజున నువ్వు కలిమా చెప్తుంటే పెదాలు కదిపిందని రాశావు. ఈ రెండు మరణాలనూ పక్కపక్కన పెట్టి ఒకటే హుకుం ఇవ్వడం ఎట్లా కుదురుతుంది?

ఇంకో సంగతి నువ్వే రాశావు, గమనించలేదు. ఆమె జనాజా (అంత్యక్రియల) నమాజు మీ ఊరి ఇమామ్ గారే చేయించారు. జనాజా నమాజంటేనే మగ్ఫిరత్ అడగడం. "అల్లాహుమ్మగ్ఫిర్ లిహయ్యినా వ మయ్యితినా", మాలో బతికున్నవాళ్ళనూ చనిపోయినవాళ్ళనూ క్షమించు అల్లాహ్ అని వరసల్లో నిలబడి ఊరంతా అడిగింది. నువ్వు ముందు వరసలో ఉన్నావు. మన ఫిఖ్‌హ్‌లో (ధర్మశాస్త్రంలో) ఒక మూల సూత్రముంది: ఖాయంగా తెలిసినదాన్ని అనుమానం చెరపలేదు. ఆమె ముస్లిం అన్నది ఖాయం. ఆమె మనసులో ఏ నమ్మకంతో "పీర్ల సామీ" అన్నదో నీకూ నాకూ అనుమానమే తప్ప ఖాయంగా తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీన్ని అరబీలో 'అల్ ఉజ్రు బిల్ జహ్ల్' అంటారు, తెలియకపోవడం వల్ల దొరికే మినహాయింపు. దీని మీద ఉలమాల (పండితుల) మధ్య నిజంగానే పెద్ద చర్చ ఉంది. అవతలి పక్షానికి ఆధారాలే లేవని చెప్తే నేనూ ఆ ప్రసంగం చేసినాయన లాగే సగం చెప్పినట్టవుతుంది.

షిర్క్‌లో ఉజ్ర్ లేదనేవాళ్ళు సూరా ఆరాఫ్ 172వ ఆయత్ చూపిస్తారు. ఆదం సంతానం నుంచి అల్లాహ్ "నేను మీ ప్రభువును కానా?" అని అడిగి వాగ్దానం తీసుకున్నాడు, "మాకు ఈ సంగతి తెలియదు" అని ప్రళయ దినాన అనకుండా ఉండడానికి. తౌహీద్ (దేవుడు ఒక్కడేనన్న ఎరుక) మనిషి పుట్టుకలోనే ఉంది, దానికి వేరే చదువు అక్కర్లేదన్నది వాళ్ళ వాదన. ఆకాశాలనూ భూమినీ చూస్తూ కూడా సృష్టికర్తను తెలుసుకోలేదనడానికి ఎవరికీ సాకు లేదన్న మాట ఇమామ్ అబూ హనీఫా పేరు మీద హనఫీ గ్రంథాల్లో ఉంది. విశ్వాస శాస్త్రంలో మాతురీదీ సంప్రదాయం పండితుల్లో చాలామంది దీన్ని పట్టుకున్నారు. ఇంకో సంప్రదాయమైన అష్అరీలు మాత్రం ప్రవక్త సందేశం అందకముందు మనిషి మీద ఏ బాధ్యతా లేదన్నారు. మన కాలానికి వస్తే సౌదీ ఉలమాలలోనే రెండు మాటలున్నాయి. షేఖ్ ఇబ్నె బాజ్ (మరణం 1999) ముస్లింల మధ్య బతుకుతూ పెద్ద షిర్క్ చేసినవాడికి తెలియదనే ఉజ్ర్ ఉండదనే వైపు మొగ్గారు. షేఖ్ ఇబ్నె ఉసైమీన్ (మరణం 2001) నిజంగా తెలియనివాడికి ఇందులోనూ ఉజ్ర్ ఉందన్నారు. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకున్నవాళ్ళే. ఈ తేడాను పట్టుకుని పక్కవాణ్ణి దీన్ నుంచి బయటికి నెట్టే పని వాళ్ళు చేయలేదు, వాళ్ళ పేర్లు చెప్పుకునే కుర్రాళ్ళు చేస్తున్నారు.

ఇంత చర్చలోనూ ఎవరూ కాదనని మాట ఒకటుంది. సూరా బనీ ఇస్రాయీల్ 15: "ఒక ప్రవక్తను పంపేదాకా మేము శిక్షించేవాళ్ళం కాము." సూరా ముల్క్‌లో నరకం కావలివాళ్ళు లోపలికి వచ్చే ప్రతి గుంపునూ అడిగే ప్రశ్న చూడు: "హెచ్చరించేవాడెవరూ మీ దగ్గరికి రాలేదా?" దానికి వాళ్ళు "వచ్చాడు, మేమే కాదన్నాం" అంటారు. ఆ జవాబు అయ్యేదాకా తీర్పు లేదు. దీన్నే ఉలమాలు హుజ్జత్ అంటారు, వాదన పూర్తిగా అందడం. ఉజ్ర్ లేదన్న పండితుల్లో కూడా చాలామంది ఈ లోకంలో పేరు పెట్టడం ఒకటి, ఆ లోకంలో శిక్ష ఇంకొకటి అని విడదీశారు. సందేశం సరిగా అందనివాళ్ళను ప్రళయ దినాన అల్లాహ్ పరీక్షిస్తాడన్న హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. చెవిటివాడు, మతి లేనివాడు, ముసలితనంలో తెలివి తప్పినవాడు, ప్రవక్తలు లేని కాలంలో పోయినవాడు అక్కడ తమ ఉజ్ర్ చెప్పుకుంటారు.

నన్ను అడిగితే, పెద్ద పెద్ద వాదనల కన్నా మూడు హదీసులు ఈ విషయాన్ని బాగా చూపిస్తాయి.

మొదటిది బుఖారీ, ముస్లింలలో ఉంది. పాపాలు విపరీతంగా చేసిన ఒకడు చావు దగ్గరపడ్డాక కొడుకుల్ని పిలిచి, "నేను పోయాక నన్ను కాల్చి, పిండి చేసి, గాలికి చల్లెయ్యండి. అల్లాహ్‌కు నేను చిక్కితే ఎవరికీ వెయ్యని శిక్ష వేస్తాడు" అన్నాడు. కొడుకులు అట్లాగే చేశారు. అల్లాహ్ భూమిని ఆజ్ఞాపిస్తే బూడిదంతా ఒకచోటికి చేరింది, మనిషి లేచి నిలబడ్డాడు. "ఎందుకిట్లా చేశావు?" అని అడిగితే "నీ భయం వల్ల ప్రభూ" అన్నాడు. అల్లాహ్ క్షమించేశాడు. ఇబ్నె తైమియా అనే పండితుడు (మరణం 1328) దీన్ని చూపించి ఏమంటాడంటే: బూడిదైపోతే అల్లాహ్ తిరిగి లేపలేడనుకోవడం అల్లాహ్ శక్తిని శంకించడమే, అది అందరి ప్రకారం కుఫ్ర్ (అవిశ్వాసం). కానీ ఆ మనిషికి తెలియదు, ఈమాన్ (విశ్వాసం) ఉంది, భయముంది, అందుకే క్షమ దొరికింది. ఈ హదీసుకు వేరే అర్థం చెప్పినవాళ్ళూ ఉన్నారు, భయంతో మతి పోయి అన్నాడని కొందరన్నారు. నాకు మాత్రం ఇబ్నె తైమియా మాటే హదీసు మాటలకు దగ్గరగా అనిపిస్తుంది. పైగా కుఫ్ర్, షిర్క్ విషయాల్లో అంత కఠినంగా రాసినాయనే ఇట్లా అన్నాడు. తనను జైల్లో వేయించిన ప్రత్యర్థి ఖాజీలతో సైతం ఆయన దాదాపు ఇదే మాటన్నాడు: మీరు చెప్పేదాన్ని నేను ఒప్పుకుంటే నేను కాఫిర్‌నవుతాను, ఎందుకంటే అదేమిటో నాకు తెలుసు. మీరు మాత్రం నా దృష్టిలో కాఫిర్‌లు కారు, మీకు తెలియదు కాబట్టి.

రెండోది తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. మక్కా విజయం తర్వాత, హునైన్ యుద్ధానికి పోయే దారిలో జరిగింది. ముష్రిక్‌లకు 'జాతు అన్వాత్' అనే రేగి చెట్టు ఒకటుండేది, దానికి ఆయుధాలు తగిలించి బరకత్ కోరేవాళ్ళు. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాళ్ళు అది చూసి "మాకూ అట్లాంటిదొకటి పెట్టండి" అని ప్రవక్త (స)ను అడిగారు. "మూసా జాతివాళ్ళు 'వాళ్ళకు దేవుళ్ళున్నట్టు మాకూ ఒక దేవుణ్ణి చేసిపెట్టు' అన్నట్టే అన్నారు మీరు" అని ఆయన గట్టిగా చెప్పారు. మాటలో ఎంత కఠినత్వముందో చూశావు కదా. కానీ మీరు ముర్తద్‌లయ్యారు (దీన్ నుంచి బయటికి పోయారు), కలిమా మళ్ళీ చదవండి అని ఎవరినీ అడగలేదు. వాళ్ళు అడిగారే గానీ చేయలేదు కదా అని అవతలివాళ్ళు అంటారు, ఆ మాటా వినదగ్గదే. అయినా ఆ చెట్టు సంగతి చదివినప్పుడల్లా నాకు మన పల్లెల్లో గుడ్డపీలికలు కట్టిన చెట్లు గుర్తొస్తాయి. తప్పును తప్పని చెప్పడం, చేసినవాణ్ణి పోగొట్టుకోకపోవడం రెండూ ఒకేసారి ఎట్లా చేయాలో అక్కడ కనిపిస్తుంది.

మూడోదాన్ని హదీసులు సేకరించిన ఇబ్నె మాజా, ప్రవక్త సహచరుడు హజ్రత్ హుజైఫా (ర) నుంచి నమోదు చేశాడు. బట్ట మీది పూల పని వెలిసిపోయినట్టు ఇస్లాం వెలిసిపోతుంది. రోజా ఏమిటో, నమాజేమిటో, ఖుర్బానీ ఏమిటో తెలియని కాలం వస్తుంది. కొందరు ముసలివాళ్ళు, ముసలమ్మలు మాత్రం మిగులుతారు. "మా పెద్దవాళ్ళు లా ఇలాహ ఇల్లల్లాహ్ అంటుంటే విన్నాం, మేమూ అంటున్నాం" అంటారు. ఇది విన్న సిలా అనే శిష్యుడు, "నమాజు తెలియదు, రోజా తెలియదు, ఆ ఒక్క మాట వాళ్ళకేం పనికొస్తుంది?" అని అడిగాడు. హుజైఫా ముఖం తిప్పుకున్నారు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ తిప్పుకున్నారు. మూడోసారి అడిగినప్పుడు ఇటు తిరిగి, "సిలా, అది వాళ్ళను నరకం నుంచి కాపాడుతుంది" అని మూడుసార్లు అన్నారు. మీ జేజికి నమాజూ తెలుసు, రోజా కూడా తెలుసు.

ఫోను సంగతి. అందరి చేతిలో ఫోనుంది కాబట్టి తెలియదనడం అబద్ధమన్న మాట వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. చదవడం రాని డెబ్భై ఏళ్ళ మనిషి ఇంట్లో మనవడికి ఫోనుండడం వల్ల ఆమెకు హుజ్జత్ అందినట్టు కాదు. ఆ ఫోనులో కూడా ఒక మౌలానా తాయెత్తు షిర్క్ అంటాడు, గడ్డం తెల్లబడిన ఇంకో మౌలానా ఖుర్ఆన్ ఆయత్ రాసిన తాయెత్తు జాయిజ్ అంటాడు. సామాన్యురాలు ఎవరి మాట వినాలి? ఇమామ్ గజాలీ (మరణం 1111) తన కాలంలోనే దీని గురించి రాశాడు. ప్రవక్త (స) పేరే విననివాళ్ళూ, పేరు విన్నా ఆయన గురించి తప్పుడు మాటలే విన్నవాళ్ళూ ఇద్దరూ ఉజ్ర్ ఉన్నవాళ్ళేనన్నాడు. ఆయన మాట్లాడింది దూరదేశాల ముస్లిమేతరుల గురించి. వాళ్ళకే ఆ దయ చూపితే, జీవితమంతా కలిమా పట్టుకుని, దీన్ గురించి తాను విన్నదే నిజమనుకున్న ముసలమ్మ మాటేమిటి?

సూరా ఇబ్రాహీం 4వ ఆయత్‌ను మన తెలుగు ముస్లింలు గుండెకు హత్తుకోవాలి: "ఏ ప్రవక్తనైనా తన జాతి భాషలోనే పంపాము, వాళ్ళకు స్పష్టంగా చెప్పడానికి." మళ్ళీ అదే ధాతువు చూశావా, బయాన్. మన ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. చదివేది అరబీ. మసీదులో చెప్పేది చాలా ఊళ్ళల్లో ఉర్దూ. గత శతాబ్దం తొలి సగంలో చిలుకూరి నారాయణరావు గారు పూనుకొని తెలుగులోకి తేవడంతో ఖుర్ఆన్ అర్థం మన భాషలో పుస్తకంగా వచ్చింది, ఆయన ముస్లిం కూడా కాదు. అల్లాహ్ ఆయన శ్రమను వృథా చేయకుండుగాక. కానీ పుస్తకం రావడమూ, మీ జేజి చెవిన పడడమూ ఒకటి కాదు. ఒక లెక్క చెప్తాను. రోజుకు ఫర్జ్ (తప్పనిసరి) నమాజులు పదిహేడు రకాత్‌లు. ప్రతి రకాత్‌లో ఖుర్ఆన్ మొదటి సూరా ఫాతిహా. అందులో "ఇయ్యాక నఅబుదు వ ఇయ్యాక నస్తఈన్", నిన్నే ఆరాధిస్తాము, నిన్నే సహాయం అడుగుతాము. మీ జేజి ఆ మాటను రోజుకు పదిహేడు సార్లకు తక్కువ కాకుండా, అరవై ఏళ్ళు అల్లాహ్‌తో అంది. "పీర్ల సామీ నువ్వే దిక్కు" అన్నదీ ఆ నోటితోనే. రెండో మాట మొదటి మాటను కొట్టేస్తుందని ఆమెకు ఎవరైనా కూర్చోబెట్టి తెలుగులో చెప్పారా?

నేనొకసారి చేసిన పని చెప్తాను. మదర్సా నుంచి కొత్తగా వచ్చిన రోజులు, వయసు ఇరవై మూడు. ఒక పల్లెలో పరుపులు కుట్టే ముసలాయన ఉండేవాడు. గడ్డం నిండా ఎప్పుడూ దూది పీచు. అసర్‌కు మసీదు ఊడ్చేది ఆయనే. మొహర్రం వస్తే పీర్లను ఎత్తుకునేదీ ఆయనే. ఒక జుమా రోజు పదిమంది ముందు "నువ్వు చేసేది షిర్క్, నీ నమాజు నీ మొహాన కొడతారు" అన్నాను. ఆయన కోప్పడలేదు. చీపురు గోడకు ఆనించి, "నాకు అరవై ఐదేళ్ళు నాయనా. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే. మీరంతా యాడ పోయినారు?" అన్నాడు. తర్వాత నేనున్నప్పుడు ఆయన మసీదుకు రాలేదు. రెండేళ్ళకు పోయాడని తెలిసింది. ప్రళయ దినాన ఆయన తన ఉజ్ర్ చెప్పుకుంటే, యాడ పోయినారన్న ఆ ప్రశ్న నా మీదికే వస్తుంది. ఆ రోజు నేను ఆయనకు హుజ్జత్ అందించలేదు, అవమానం అందించాను. అవమానించినంత మాత్రాన మనం చెప్పినట్టు కాదు, ఆయనకు అందినట్టూ కాదు. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పి, అతని అనుమానం విని, దాన్ని తీర్చాకే అందిందంటారు. అందుకే ఫలానా మనిషి కాఫిర్ అని చెప్పే పనిని పూర్వం ఖాజీలకు వదిలారు. "తన సోదరుణ్ణి కాఫిర్ అన్నవాడి మాట ఇద్దరిలో ఒకరి మీదికి తిరిగొస్తుంది" అన్న బుఖారీ, ముస్లిం హదీసు భావాన్ని తలుచుకుంటే నోరు దానంతటదే అదుపులోకి వస్తుంది.

ఇక దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఉజ్ర్‌ను నువ్వు దిండులా తల కింద పెట్టుకుని పడుకుంటావు. తెలియనివాడికి ఉన్న మినహాయింపు తెలుసుకోనివాడికి లేదు. తెలుసుకునే దారి ఉండి, మనసులో అనుమానం కూడా పుట్టి, అడిగితే మానాల్సి వస్తుందేమోనని అడగకుండా ఉన్నవాణ్ణి ఉలమాలు జాహిల్ (తెలియనివాడు) అనరు, ముఖం తిప్పుకున్నవాడంటారు. ఇస్లాంలోకి కొత్తగా వచ్చినవాడూ, ఉలమా లేని మారుమూల పెరిగినవాడూ ఉజ్ర్‌కు అర్హులని ఫిఖ్‌హ్ గ్రంథాలు పదేపదే చెప్పడంలో ఉద్దేశం ఇదే. పట్నంలో ఉండి, చదువుకుని, అడగడానికి మనుషులున్నవాడికి ఆ దారి ఇరుకవుతుంది. తప్పని తెలిసి చేసి, దానికి ఇంత శిక్ష ఉందని తెలియదనేవాడికి అసలే లేదు. రంజాన్ పగలు భార్యతో కలిసి "నాశనమైపోయాను" అంటూ పరుగెత్తుకొచ్చిన మనిషికి పరిహారం సంగతి తెలియదు, తప్పని మాత్రం తెలుసు. పరిహారం తప్పలేదు.

అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్న ఒక సంఘటన నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ప్రయాణంలో ఒకతనికి తలకు రాయి తగిలి గాయమైంది. రాత్రి స్నానం తప్పనిసరైంది. తయమ్ముం (నీళ్ళకు బదులు మట్టితో శుద్ధి) చేసుకోవచ్చా అని తోటివాళ్ళను అడిగాడు. నీళ్ళున్నాయి కదా, కుదరదన్నారు. అతను స్నానం చేసి చనిపోయాడు. ఇది విన్న ప్రవక్త (స) తీవ్రంగా మండిపడ్డారు: "వాళ్ళే అతన్ని చంపారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదు? తెలియనితనానికి మందు అడగడమే." ఇందులో అడిగినవాడి మీద ఒక్క మాట లేదు. కోపమంతా తెలియకుండా ఫత్వా ఇచ్చినవాళ్ళ మీదే. ప్రసంగాలు విని వెంటనే ఇంట్లో తీర్పులు చెప్పే ముందు నువ్వు ఇది గుర్తు పెట్టుకోవాలి తమ్ముడూ. ఎందుకంటే ఇప్పుడు నువ్వు తెలిసినవాడివి. జేజికి ఉన్న ఉజ్ర్ నీకు లేదు. కబరులో ఉన్నవాళ్ళను సంతానం ఇమ్మనీ, జ్వరం తగ్గించమనీ అడగడం తప్పని తెలిశాక నువ్వు అడిగితే అది వేరే లెక్క. కబరుస్తాన్‌కు పోవడం, సలాం చెప్పడం, అక్కడున్నవాళ్ళ కోసం అల్లాహ్‌ను అడగడం సున్నత్ (ప్రవక్త చూపిన పద్ధతి), అది మానకు.

పొట్టేలు సంగతి. మీ అమ్మతో గొడవ ఎందుకు? ఆమె షిర్క్ కోసం పట్టుబట్టట్లేదు, పోయిన అత్తగారి మాట అప్పుగా మిగిలిపోయిందని బాధపడుతోంది. ఆ బాధ మంచిదే, దాని దారి మార్చు. ఒకతను బువానా అనే చోట ఒంటెలు జబహ్ చేస్తానని (కోస్తానని) మొక్కుకుని ప్రవక్త (స) దగ్గరికి వచ్చాడు. "అక్కడ జాహిలియ్యత్ (ఇస్లాంకు ముందటి) కాలంలో పూజించిన విగ్రహం ఏమైనా ఉండేదా? వాళ్ళ పండుగ ఏదైనా అక్కడ జరిగేదా?" అని ఆయన అడిగారు. లేదంటే, అయితే తీర్చుకో అన్నారు. ఇది కూడా అబూ దావూద్‌లో ఉంది. దీన్ని బట్టి చావిడి దగ్గర, పీర్ల పేరు మీద, ఆ రోజున ఇవ్వడం వద్దు. అవిధేయతకు మొక్కిన మొక్కు తీర్చకూడదన్నది బుఖారీ హదీసు. కానీ ఆ పొట్టేలును అమ్మకండి. మొహర్రం కాని ఇంకో రోజు చూసి, అల్లాహ్ పేరు మీద జబహ్ చేసి, వండి ఊళ్ళో పేదవాళ్ళకు పెట్టండి, పుణ్యం జేజికి అందాలని నియ్యత్ (సంకల్పం) చేయండి. సాద్ బిన్ ఉబాదా (ర) ఊళ్ళో లేనప్పుడు తల్లి పోయింది. ఆమె తరఫున సదఖా (దానం) చేస్తే ఆమెకు అందుతుందా అని అడిగితే ప్రవక్త (స) అవునన్నారు. ఆయన తన తోటనే ఇచ్చేశాడు. ఈ సంగతి మీ అమ్మకు చెప్పు. అప్పు తీరలేదన్న బెంగ ఆమెకు ఉండదు.

జేజి తాయెత్తు డబ్బీలో దాచిపెట్టిందన్నావు. దాన్ని తీసుకుని ఇంట్లో గోల చేయొద్దు. విప్పి చూసి, ఆయత్‌లు రాసిన కాగితమైతే ఎవరూ తొక్కని చోట మట్టిలో పాతెయ్యి. అర్థం కాని గీతలూ అంకెలూ ఉంటే కాల్చెయ్యి. ఇది కూడా అమ్మకు చెప్పాకే చెయ్యి.

దుఆలో ఏమనాలో కూడా అడిగావు. "అల్లాహుమ్మగ్ఫిర్ లహా వర్‌హమ్‌హా" అను, అల్లాహ్ ఆమెను క్షమించు, ఆమె మీద దయ చూపు అని అర్థం. అరబీలో అన్నాక తెలుగులో కూడా అడుగు, అల్లాహ్‌కు తెలుగు వస్తుంది. ఆమె నీకు చిన్నప్పుడు కలిమా నేర్పిన సంగతి కూడా చెప్పుకో.

మీ అమ్మకు చదవడం వచ్చని రాశావు. రేపటి నుంచి మగ్రిబ్ (పొద్దు గూకాక చేసే) నమాజు తర్వాత ఆమె పక్కన కూర్చో. పీర్ల మాట, షిర్క్ మాట ఎత్తకు. సూరా ఫాతిహా తెలుగు అర్థం తెరిచి ఆమె చేతికివ్వు, ఒక్కో ఆయత్ గట్టిగా చదవమను. ఏడే ఆయత్‌లు. ఐదో ఆయత్ దగ్గర ఆమె ఆగి నిన్ను ఏదైనా అడిగితే అప్పుడు చెప్పు.